నోట రాని పేరు

అరకు లోయ,
3 ఫిబ్రవరి 1927

అక్కా,

పెద్దబావ ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు పని పక్కన పెట్టి కూర్చుని విను. నిలబడి వినే సంగతి కాదు.

నేను ఈ పోలీసు ఔట్‌పోస్టుకి రాతపని చూసే రైటరుగా వచ్చి నాలుగు నెలలైంది కదా. ఇన్నాళ్ళూ రాసిందంతా కోడి దొంగతనాలూ, సారా తగువులూ. పోయిన వారం కొత్త ఇనస్పెక్టరు దొర వచ్చాడు. వస్తూనే బీరువా తీయించి, తేలకుండా మూలపడ్డ పాత ఖూనీ కేసులన్నీ బల్ల మీద పోయించాడు. మొత్తం ఏడు. కొండల్లో ఎవడికో ఒకడికి తెలియకుండా ఏ ఖూనీ జరగదట. అందుకని ప్రతి సంతలోనూ దండోరా వేయించి, తెలిసినవాళ్ళు వచ్చి చెప్పండి, మిమ్మల్ని ఎవరూ కొట్టరు, చెప్పినవాళ్ళ పేరు బయటికి రానివ్వం అని చాటించమన్నాడు. ఆ దండోరా మాటలు రాసే పని నాది.

ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. నాలుగోది, "శృంగవరపుకోట వర్తకుడు యర్రయ్య, పన్నెండేళ్ళ కిందట, కనుమ దారిలో ఊట పక్కన, తల మీద గొడ్డలి దెబ్బ" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. ఏమయ్యా అన్నాడు. మా అక్క మొగుడండీ అన్నాను. అయితే ఇంకా బాగా రాయి అన్నాడు.

డుంబ్రిగుడ సంతలో డప్పు మంగ్లు కొండ మాటలో చాటాడు. చిన్నబావ పేరు డప్పు మీద విన్నాను. డప్పు ఆగేసరికి సంత సగం ఖాళీ. ఆడవాళ్ళు అమ్ముడుపోని పసుపు అలాగే బుట్టలకెత్తుకుని పోయారు. ఈ నాలుగైదేళ్ళలో వీళ్ళు చూసిన పోలీసుల్ని తలుచుకుంటే నేనైనా పారిపోతాను. చివరికి ఒక్క ముసలమ్మ మాత్రం ధైర్యంగా వచ్చింది. తన కోడిని పట్టుకుపోయిన కానిస్టేబుల్ని కూడా ఈ దండోరాలోనే వెతికిస్తారా అని అడిగింది.

అక్కా, నాకు ఆకలి వేయడం లేదు. పన్నెండేళ్ళ వయసులో నేను ఏడ్చి ఊరుకున్నాను. ఇప్పుడు కేసు కాగితం నా చేతిలో ఉంది. ఆ రోజు చిన్నబావ ఏం పట్టుకెళ్ళాడు, కొండ మీద ఎవరితో మంచీ చెడూ ఉండేది, ఎంత చిన్న సంగతైనా సరే, పెద్దబావ చేత రాయించు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

నీ తమ్ముడు,
వరహాలు

*

శృంగవరపుకోట,
12 ఫిబ్రవరి 1927

చిరంజీవి వరహాలరావునకు నీ అక్క అచ్చియమ్మ దీవించి, బావగారైన పైడయ్యగారి చేత వ్రాయించుచున్నది.

నీ లేఖ విని మిక్కిలి దుఃఖించితిని. నా భర్త యర్రయ్యను పొట్టన పెట్టుకొన్నవాడు ఇన్నాళ్ళకైనను దొరకుట దైవనిర్ణయము. నాకు తెలిసినంతవరకు చెప్పుచున్నాను, జాగ్రత్తగా వినుము.

డుంబ్రిగుడ సంతకు వచ్చు కొండవారిలో గాసి అను నొకడు కలడు. ఉప్పు కొలత విషయమున వానికిని యర్రయ్యకును తగవు నడిచినది. యర్రయ్య చెవిపోగులపై వాని కన్ను పడినట్లు ఆయనయే పలుమార్లు నాతో చెప్పియుండెను. ఆ దినమున కొండకు పోవునప్పుడు చెవులకు రెండు బంగారు పోగులును ఉండెను. ఇంతకు మించి నాకేమియు తెలియదు. ఆయన ఒంటరిగానే పోయెను. బావగారు ఆ సమయమున కొత్తవలస పోయియుండిరి.

నన్ను అన్నము పెట్టి పోషించుచున్న బావగారు నాకు దైవసమానులు. ఇంట అందరము కుశలము. ఇచ్చట మిషను వారి దేముడమ్మ అను నామె ఆడువారికి అక్షరములు నేర్పుదునని వీధివీధి తిరుగుచున్నది. మన గుమ్మము తొక్కవలదని బావగారు చెప్పివేసిరి.

పని మీద శ్రద్ధ ఉంచుము.

అచ్చియమ్మ వ్రాలు

*

అరకు లోయ,
24 ఫిబ్రవరి 1927

అక్కా,

దొరికాడు! నీ ఉత్తరం చేరిన వారానికే దొరికాడు. ఎద్దులవాళ్ళ చేత పంపిన కంబళి కూడా చేరింది. నేను అడగలేదే, ఎందుకు పంపావు? నాకు రెండున్నాయి. సరేలే, కప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం ఇనస్పెక్టరుకి చదివి వినిపించాను. వెంటనే సంతకి బయల్దేరాం. గాసి ఎవరు అని అడగ్గానే జనమంతా నేల చూశారు. గాసి తనే లేచి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, ముందర చింతపండు రాశి. ఎడమ చెవికి బంగారు పోగు! చిన్నబావ పోగే. నన్ను బస్తాలు మోసే పెరిక ఎద్దు మీద కూర్చోబెట్టి తిప్పేటప్పుడు దాన్ని పట్టుకుని లాగేవాణ్ణి, నాకు గుర్తు లేకపోవడమేమిటి? కుడి చెవికి మాత్రం ఇత్తడిది.

"ఇదెవరిదిరా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"నా నేస్తుడిది."

"వాడి పేరేంటి?"

అంతే, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగుసార్లు అడిగాం. చెయ్యి తీయలేదు. నాకు ఒళ్ళు మండిపోయి నేనే వెళ్ళి ఆ చెయ్యి లాగేశాను. పళ్ళు బిగించి నేల చూస్తున్నాడు. "మృతుని పేరు అడుగగానే వణికి, ఆ పేరు పలుకుటకు నిరాకరించెను" అని రాశాను. అది నా చేతి రాతే.

తెచ్చి ఔట్‌పోస్టు కొట్లో వేశాం. అప్పట్నుంచి ఆ మనిషి నోరే విప్పలేదు. భార్య గంగ ఆనపబుర్ర నిండా అంబలి పట్టుకుని మెట్ల దగ్గర కూర్చుంది. పొమ్మంటే పోదు. నిన్న నేను అటు వెళుతుంటే కాళ్ళకి అడ్డం పడింది.

"బాబూ, నేస్తం కట్టినోడు నేస్తుడి పేరు నోట అనకూడదు బాబూ. అంటే కీడు."

"ఆ నేస్తుడు చచ్చి పన్నెండేళ్ళయింది కదమ్మా, ఇంకేం కీడు?"

"సచ్చినోడిది మరీ అనకూడదు. పోగూ పోగూ మార్సుకున్నారు బాబూ, ఇదొకటి ఆడికి, అదొకటి ఈడికి. దేవత ముందర మార్సుకున్నారు."

కింద మన ఊళ్ళలోనూ నేస్తాలు కడతారు కానీ ఇంత కట్టు నేనెక్కడా వినలేదు. మొగుణ్ణి కాపాడుకోవడానికి అల్లిన మాటేమో అని ఇనస్పెక్టరు అన్నాడు. భార్య మాట పనికిరాదన్నాడు. నిజంగా నేస్తం ఉంటే చనిపోయినవాడి ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఉంటుందా, మీ అక్కనే అడుగు అన్నాడు. ఆ మాట సబబే.

అందుకని అడుగుతున్నాను. చిన్నబావ ఎప్పుడైనా కొండ మీద నేస్తం కట్టానని అన్నాడా? పోగు మార్చుకున్నానని అన్నాడా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. అవునంటే ఆ మనిషి ఇంటికి పోతాడు. కాదంటే ఉరికొయ్య ఎక్కుతాడు. నీ ఒక్క మాట మీద ఒక మెడ ఉంది అక్కా.

వరహాలు

*

శృంగవరపుకోట,
6 మార్చి 1927

చిరంజీవి వరహాలరావునకు అచ్చియమ్మ ఆశీస్సులు.

నీవు అడిగినదానికి ఇదే నా ఖండితమైన జవాబు. నా భర్త యర్రయ్య ఏ కొండవానితోను నేస్తము కట్టలేదు. యర్రయ్య అట్టివారితో కూర్చుండి భుజించు మనిషి కాడు. పోగు మార్చుకొనెననుట పచ్చి అబద్ధము. నా భర్తను చంపి పోగు దోచుకొన్నవానికి తగిన శిక్ష పడిననాడే నా మనస్సు శాంతించును.

నాకు ఒంట్లో నలతగా ఉన్నందున కొండెక్కి వచ్చి సాక్ష్యము చెప్పజాలను. ఈ జాబునే నా వాఙ్మూలముగా దొరగారికి దాఖలు చేయుము. క్రింద నా వ్రేలిముద్ర వేసితిని. బావగారు సాక్షి సంతకము చేసిరి.

ఊరిలో అమ్మవారు పోసి ఉన్నది. నీవు సెలవు పెట్టి ఇచ్చటకు రావలదు. తరచు వ్రాయుటయు అవసరము లేదు.

అచ్చియమ్మ వ్రేలిముద్ర
సాక్షి: పైడయ్య

*

అరకు లోయ,
15 మార్చి 1927

దేముడమ్మగారికి వరహాలరావు నమస్కారాలు. మీరు నన్నెరగరు. శృంగవరపుకోటలో ఉప్పు వర్తకుడు పైడయ్యగారి ఇంట్లో ఉండే అచ్చియమ్మ నా అక్క. ఈ కింద రాసింది ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చదివి వినిపించండి. ఆమె ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. మాట దిద్దవద్దు. ఒక మనిషి ప్రాణం దీని మీద ఉంది.

అక్కా,

నీ వేలిముద్ర ఉత్తరం ఇనస్పెక్టరుకి ఇచ్చేశాను. కేసు గట్టిపడిందని నా భుజం తట్టాడు. గాసిని ఇరవయ్యో తేదీన విశాఖపట్నం దించుతున్నారు. ఏప్రిల్ నాలుగున దొరగారి కచేరీలో విచారణ.

ఆ సాయంత్రం నకలు తీసుకుందామని నీ ఉత్తరం మళ్ళీ రాశాను. రాస్తూ రాస్తూ, "నా భర్త యర్రయ్య" అన్న చోట ఆగాను. కింద మళ్ళీ "యర్రయ్య". ముందు ఉత్తరంలో లెక్కపెట్టాను, మూడుసార్లు ఉంది.

అక్కా, నీ నోట ఆ పేరు నేను పుట్టాక వినలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు జనాభా లెక్కల గుమాస్తా వచ్చి, నీ పెనిమిటి పేరేమిటమ్మా అని అడిగితే తలుపు వెనకనించి నా వీపు గిల్లి "నువ్వు సెప్పరా" అన్నావు. నేను ఆట పట్టిద్దామని మూగవాడిలా నిలబడ్డాను. అరగంట సేపు ఆ గుమాస్తా గుమ్మంలో కూర్చున్నాడు కానీ నువ్వు చెప్పలేదు. తరవాత నా వీపు పగిలింది. చిన్నబావ పోయిన నాడు నువ్వు కొట్టుకుని ఏడుస్తూ కూడా ఆ పేరు అనలేదు. ఆ మనిషివి రెండు ఉత్తరాల్లో ఐదుసార్లు ఎలా అన్నావు? రాసినాయన తన తమ్ముడి పేరు కాబట్టి అలవాటుగా రాసేశాడా? లేక ఈ మాటలే నీవి కావా?

ఇక్కడ ఒక మనిషి నేస్తుడి పేరు అననందుకు ఉరికి పోతున్నాడు. పెనిమిటి పేరు అనని ఇంట్లో పుట్టి పెరిగి, ఆ మనిషి నోటి మీద చెయ్యి ఎందుకుందో నాకు తెలియలేదు. నేనెంత గాడిదనో చూడు.

పాత పంచనామా తీసి చూశాను. శవానికి కుడి చెవిని బంగారు పోగు, ఎడమ చెవిని ఇత్తడి పోగు ఉన్నట్టు రాసి ఉంది. దోచుకునేవాడు ఒక్క పోగే తీసుకుని, దాని బదులు ఇత్తడిది పెట్టి పోతాడా? ఇనస్పెక్టరుకి చూపించాను. ఇంటిది నేస్తం లేదని వేలిముద్ర వేశాక ఇంక ఇవన్నీ ఎందుకయ్యా అన్నాడు.

గంగ ఇంకో సంగతి చెప్పింది. ఉప్పు అమ్మే కుంచానికి లోపల దొంగ అడుగు ఉందని గాసి కనిపెట్టాడట. అది అన్నగారి పని అని తెలిసి చిన్నబావ చాలా సిగ్గుపడ్డాడట. నేస్తుణ్ణి మోసం చేసిన కుంచం వచ్చే సంతలో అందరి ముందూ పగలగొడతానని మాట ఇచ్చాడట. మాటకి గుర్తుగా ముగ్గురూ కుంచం అంచు కింద మూడు గాట్లు పెట్టారట, నేస్తుడిదొకటి, గాసిదొకటి, గంగదొకటి. ఆ సంతకి వస్తూనే చిన్నబావ చచ్చిపోయాడు. శవం దగ్గర ఉప్పు బస్తాలు దొరికాయి కానీ కుంచం దొరకలేదు. ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అప్పుడెవరు అడిగినారు బాబూ?" అంది.

అక్కా, నువ్వు నిజంగా ఏం చెప్పావో చెప్పు. ఇక్కణ్ణుంచి కదలడానికి నాకు సెలవు ఇవ్వలేదు.

వరహాలు

*

శృంగవరపుకోట,
21 మార్చి 1927

ఒరే వరాలూ,

దేముడమ్మ గారు రాత్తన్నారు, నాను సెప్తన్నాను. నీళ్ళకని బిందట్టుకుని వొచ్చి ఈవిడ ఇంట్లో కూకున్నాను. బేగి ఎల్లిపోవాల. నాను సెబ్బరగా సెప్పినా దిద్దొద్దన్నావంట, దిద్దీది లేదు.

నువ్వు రాసిందంతా ఇన్నానురా. నానేటి సెప్పినాను, ఆయనేటి రాసినారు! నీ మొదటి ఉత్తరం బావగారు సదివి, "మీ తమ్ముడు కులాసా, అక్కడ సలి ఎక్కువంట, కంబళి పంపమన్నాడు" అన్నారు. దండోరా లేదు, ఏటీ లేదు. నాను కంబళి కోసం తోటికోడలితో దెబ్బలాడి మరీ పంపినాను. రెండోదానికి, కంబళి ముట్టింది, సంతోషం అని సదివినారు. నాను ఒళ్ళు జాగర్త, పచ్చి మంచు తాక్కురా అని సెప్పినాను, ఆయన గీకీసినారు. ఏలిముద్ర ఎందుకండీ అంటే, మీ తమ్ముడికి సమ్మందం సూసినాను, ఆడపెత్తనం నీదే కదా, ఒప్పుకున్నట్టు ఎయ్యమన్నారు. నాను ఆనందంగా ఏసినాను! నీ పెళ్ళనుకుని ఒకడి పీక మీద ఏలు ఎట్టీసినాను. అమ్మవారూ లేదు, జొరమూ లేదు, నా ఒళ్ళు రాయిలాగుంది.

ఇప్పుడు ఇను. నేస్తం ఉంది. నాకు తెలవకపోడవేటి? మీ బావ ఓ సంత నుంచి ఎడం సెవికి ఇత్తడి పోగెట్టుకుని వొచ్చినారు. బంగారం ఏదండీ అంటే, నేస్తుడి సెవిలో ఉంది, పోలేదులే అని నవ్వినారు. పండగలకి గంగ నాకు పసుపు కొమ్ములు పంపీది, నాను దానికి రవిక గుడ్డ పంపీదాన్ని. మొకం ఎరగను గానీ దాని పేరు నాకు సెల్లెలు పేరులాటిది. ఆళ్ళ మీదే నా ఏలిముద్ర.

ఆ కుంచం సంగతీ తెలుసు. ముందు రేతిరి అన్నదమ్ములిద్దరూ అరుసుకున్నారు. పొద్దున్నే ఆయన ఆ కుంచం నా సేతికిచ్చి మూటకట్టమంటే, నా పాత సీర సించి నానే కట్టినాను. ఎద్దు మీద ఉప్పు పైన ఎట్టినాను. కొత్తవలస ఎల్తానని బావగారూ ఆ పొద్దే ఎల్లినారు. రెండ్రోజులకి వొచ్చినారు. తొమ్మిదో రోజుకి మీ బావ శవం దొరికింది.

నువ్వు మూడు గాట్లు అన్నావని దేముడమ్మ గారు నిన్న సదివినారు. సదివితే నాకు ఏటో తట్టింది. ఇంటికెల్లి వొంటింట్లో కుంచం తిరగేసినాను. అది బావగారు కొట్లోంచి తెచ్చి వొంటింట్లో పడీసింది, పాతదీ, ఇంటికి సాలుద్దీ అని. అంచు కింద తడిమితే నున్నగుంది. గోటితో గీకితే లక్క ఊడొచ్చింది. లక్క ఎనకాల గాటు. ఇంకోటి. ఇంకోటి.

పన్నెండేళ్ళురా. పన్నెండేళ్ళు ఆ కుంచంతోనే నాను బియ్యం కొలిసి ఆయనకి అన్నం ఎట్టినాను. నాలుగు మానికలు పట్టాల్సింది మూడున్నరే పట్టీది. పాతది కదా, అరిగిపోయిందేమో అనుకునీదాన్ని.

నా సేత్తో మూటకట్టి ఎద్దెక్కించినదాన్ని, తోవలో ఆయన్ని కలిసినోడు తప్ప ఇంకెవరు ఎనక్కి తేగలరు? నువ్వే సెప్పు.

పొద్దున్నే కుంచం సీర కింద దాసి నీళ్ళ కడవ మీద ఎట్టుకుని ఇక్కడికి తెచ్చీసినాను. మజ్జానం బావగారు అన్నానికి కూకుని, కుంచం కనపడదేటి అన్నారు. పిల్లి తోసీసింది, పగిలిపోతే పొయ్యిలో ఎట్టీసినాను అన్నాను. ఆయన ముద్ద ఆపీసినారు. "కుంచానికున్న ఇత్తడి పట్టీ బూడిదలో ఉండాలే" అన్నారు. నాను పులుసు ఒడ్డించినాను.

ఈ రేతిరి గడిస్తే సాలు. రేపు సంతకని మిషనోళ్ళు బండి కడతారు, దేముడమ్మ గారు నన్ను అందులో తీసుకెల్తారు. కొత్తవలసలో రైలెక్కి విశాపట్నం ఎల్తాం. ఆ ఇంటికి మరి తిరిగి రాను. రానిచ్చీది ఎవరు కూడా?

ఒక్కటే బయ్యం. కచేరీలో పెనిమిటి పేరు సెప్పమంటారంట. సెప్పకపోతే సాచ్చికం సెల్లదంట. అక్కడ నిలబడి నానేటి సెయ్యాలి వరాలూ?

మీ అక్క

*

విశాఖపట్నం,
9 ఏప్రిల్ 1927

ఒరే వరాలూ,

గాసి ఇంటికెల్లిపోయినాడు. ముందు అది ఇనీ, తరవాత మిగిలింది ఇను.

కచేరీ నిండా జనం. దొర ఎత్తు కుర్సీలో, పక్కన ఆయన మాట మనకి మార్సి సెప్పీ దుబాసీ. ఓ పక్క గాసి, కాళ్ళకి గొలుసు, సెవిలో పోగు లేదు, ఇనస్పెక్టరు దాన్ని బల్ల మీద ఎట్టినాడు. బావగారు నా ఎనకాలే వొచ్చీసినారు, ఆవిడికి మతి సెలించింది, మిషనోళ్ళు ఎత్తుకుపోనారు అని దొరకి అరజీ ఎట్టినారు. నన్ను సూసి, ఇంటికి పద అచ్చియమ్మా అన్నారు మెల్లిగా. ఎప్పటి గొంతే.

దుబాసీ గాసిని అడిగినాడు, ఈ పోగు ఇచ్చినోడి పేరేటి? ఆడు నోటికి అడ్డంగా సెయ్యెట్టుకున్నాడు. తరవాత నన్ను అడిగినాడు, నీ పెనిమిటి పేరేటి? నా పెదాలు అతుక్కుపోనాయి. మూడుసార్లు అడిగినారు. ఇనస్పెక్టరు నవ్వుతున్నాడు. దొరకి ఇసుగొచ్చింది. "మతి సెలించిందని మనవి సేసినాను కదండీ" అన్నారు బావగారు.

అప్పుడు నాను కాయితం అడిగినాను. ఈ ఊళ్ళో దేముడమ్మ గారు దిగిన ఇంట్లో పది రోజులు పలక మీద అదొక్కటే నేర్సుకున్నాను. ఓనమాలు లేవు, అమ్మా ఆవూ లేదు, మూడచ్చరాలే. మొదటిది బాగా ఒస్తాది, మజ్జిది వొంకరపోతాది. నోట అనడవే తప్పు గానీ, సేత్తో రాత్తే తప్పని ఎవరూ అననేదు కదా! కలం సిక్కగా ముంచి రాసినాను. పెద్ద అచ్చరాలు, కాయితం నిండిపోయింది.

గుమాస్తా అందుకుని గట్టిగా సదివినాడు. ఆ పేరు కచేరీలో ఇనబడగానే గాసి రెండు సెవులూ మూసుకున్నాడు. నాను కొంగు సెవులకి అడ్డం ఎట్టుకున్నాను. దొర ఆణ్ణి సూసినాడు, నన్ను సూసినాడు. ఏటిదని దుబాసీని అడిగినాడు. దుబాసీ మనోడే, ఏటో సాలాసేపు సెప్పినాడు. సెప్తా సెప్తా ఆయనా గొంతు తగ్గించీసినాడు.

అప్పుడు నాను కుంచం మూట ఇప్పినాను. బావగారి మొకం సూడలేదు, సూడాలనిపించనేదు. దొర బజారు నుంచి ఉప్పూ, సర్కారు కుంచమూ తెప్పించినాడు. కొలిసినారు. మనది నిండినాక సర్కారుదాంట్లో పోత్తే అర మానిక ఎల్తి. లోపలి అడుగు ఊడదీసినారు. గాసి సేతికి కుంచం ఇస్తే అంచు కింద ఏలెట్టి తడిమినాడు. "ఇది నాది. ఇది గంగది" అన్నాడు. మూడోదాని మీద ఏలు ఎట్టి ఊరుకున్నాడు. దొర ఇంకేటీ అడగనేదు.

బావగారిని అక్కడే ఆపీసినారు. ఒప్పుకోనేదు, కాదనా అననేదు. ఆ ఉత్తరాలు నీ రాతేనా అంటే మాత్తరం అవునన్నారు. ఆయన కేసు మళ్ళీ ఏరేగా నడుస్తాదంట. నాను మళ్ళీ రావాలంట, వొస్తాను. పన్నెండేళ్ళు అన్నం ఎట్టినాడని ఓ పక్క ఏడుపొస్తాది వరాలూ, నీకు దాపరికం ఎందుకు. మరో పక్క ఆ సేతుల్లో ఏటుందో తలుసుకుంటే ఆ ఏడుపు ఆగిపోతాది.

నాను మిషన్లో కలిసిపోనానని ఊళ్ళో అనుకుంటన్నారంట. కలవనేదు. ఇక్కడే దేముడమ్మ గారి దగ్గర పిండి రుబ్బుతాను, పలక దిద్దుతాను. ఆవిడ ప్రార్దన సేసేటప్పుడు నాను పొయ్యి సూసుకుంటాను. ఇద్దరికీ బాగానే ఉంది.

కచేరీ బయట గాసి నా ముందు కూకున్నాడు. లోపలే దొర ఆ పోగు నా సేతికిచ్చినాడు, నీ పెనిమిటిది కదా అని. నాను గాసికిచ్చినాను. ఆ సెవికే ఎట్టుకున్నాడు. "వొదినా, నానప్పుడు కొండ దిగి మీ ఇంటికి రావాల్సింది. పోలీసోళ్ళంటే బయపడీసినాను" అన్నాడు. నీ గురించి అడిగినాను, మా తమ్ముడి మీద కోపమా అని. "సెడ్డోడు కాడు. రాసీవోడు, రాసీసినాడు" అన్నాడు.

ఆ మాట నీకు గుచ్చుకోవాలనే రాయించినాను. నా ఏలు మీదా, నీ సేతి మీదా ఉంది ఆ పాపం, ఒకరిది ఎక్కువా ఒకరిది తక్కువా అననేను.

అందుకని ఒకటి సెప్తాను, నువ్వు సేసి తీరాల. ఆ డుంబ్రిగుడ సంతలోనే, ఆ మంగ్లు డప్పు మీదే మళ్ళీ దండోరా ఎయ్యించు. గాసి తప్పు సెయ్యనేదని అందరూ ఇనేటట్టు సాటించు. ఇనస్పెక్టరు ఒప్పుకోకపోతే నీ జీతంలోంచి మంగ్లుకి ఇచ్చుకో. డప్పు కొట్టి ఒకడికి మచ్చ తెచ్చినారు, డప్పు కొట్టే తియ్యాల.

మీ బావ పేరు మాత్తరం అనిపించకు. గాసి నేస్తుడు అనమను. అక్కడ అందరికీ తెలుసు.

ఈ కిందిది నానే రాసినాను.

అచ్చియమ్మ